ముఖం చూడని గొంతు

హారన్ల ఆటోలు తిప్పే కుర్రవాడు శివశంకర్ మా గడపలో చెప్పులు విడిచి, "అన్నా, నీ వాయిస్ క్లోన్ చేద్దామని వచ్చినా" అన్నాడు. ముప్పై ఏళ్ళు మైకు హారన్ల కింద కాపురం చేసిన చెవులు నావి. కుడి చెవికి సగమే వినబడుతుంది, ఎడమ చెవి విన్నదాంట్లో సగమే నమ్ముతుంది. రెండూ కలిసి నాకు చేరవేసిన మాట, "నీకు వాయిదా లోన్ చేద్దామని వచ్చినా."

"వద్దు నాయనా," అన్నాను. "లోనంటే లోనికి వచ్చేటప్పుడు వంగి దండం పెడతాది. బయటికి పోయేటప్పుడు తలుపులు గూడా పీక్కొని పోతాది."

లోపల జొన్నరొట్టెలు తడుతున్న నా భార్య సంతోషమ్మకు ఆ ఒక్క మాటే వినబడింది. పెనం మీది రొట్టె మాడకముందే గోడ అవతలున్న తన తమ్ముని పెండ్లాం గౌరికి చెప్పింది. గౌరి వీధికి చెప్పింది. వీధి చివరికి చేరేసరికి "మైకు ఇశ్రాయేలుకు వాయిదాల లోను వచ్చిందంట, గొంతు చూసి ఇస్తారంట" అని తేలింది. కాసేపట్లో పొదుపు సంఘం ఆడవాళ్ళు ఆధార్ జిరాక్సులు పట్టుకొని మా ఇంటి ముందు వరస కట్టారు. అందులో ఒకామె గొంతు సవరించుకొని క్రీస్తు పాట ఒక చరణం పాడి, "నా గొంతుకు ఎంత వస్తాదప్పా?" అని అడిగింది. శివశంకర్‌కు ఏమీ అర్థంగాలేదు, తల ఊపాడు. తల ఊపాడు గదా అని ఆమె వాళ్ళ మరిదిని కూడా పిలుచుకొచ్చింది.

"లోను కాదమ్మా, క్లోను!" అని ఆ పిల్లవాడు గొంతు చించుకున్నాడు. "అన్న గొంతును మిషన్లోకి ఎక్కిస్తాం. రొంతసేపు సదివితే సాలు. ఆపైన మేము టైపు కొడితే అన్న గొంతే మాట్లాడతాది. అన్న ఇంట్లో పండుకోవచ్చు, గొంతు ఊరు తిరుగుతాది."

సంతోషమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. పెళ్ళికి ముందు ఆమె మంజుల. బాప్తిస్మంలో సంతోషమ్మ అయింది. పేరులోకి వచ్చిన సంతోషం మొహంలోకి రావడానికి ఇంకా దారి వెతుక్కుంటోంది.

"ఈయప్ప గొంతు ఇంట్లో ఒగటుండేదే నాకు పదయితాంది. ఇంగొగటా?" అంది.

"అక్కా, ఆ మిషన్‌కు ఆపే బటన్ ఉంటాది," అన్నాడు గోడ మీద నుంచి మద్దిలేటి. "బావకు దేవుడు అదొగటి పెట్టడం మర్సిపోయినాడు."

మద్దిలేటి నా బావమరిది. పక్కిల్లే. పత్తి మిల్లులో పని. ఏటేటా దసరాకు దేవరగట్టు పోయి, కర్రల కొట్లాటలో తల పగలగొట్టుకొని, గాయానికి పసుపు అద్దుకొని, జాతరకు పోయి జిలేబి తిన్నవాడిలా నవ్వుకుంటూ వచ్చే రకం.

అది దసరా ముందు మాట. ఆదోనికి పత్తి వచ్చే కాలం. ఆ కాలంలో మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్ల నుంచి జారిన దూది పట్టుకొని రోడ్డు పక్క తుమ్మచెట్లు కూడా పత్తి కాస్తాయి. రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి గనక బట్టల అంగళ్ళు, చెప్పుల అంగళ్ళు, టీవీల అంగళ్ళు అన్నీ నన్ను వెతుక్కుంటూ వస్తాయి. పొద్దున ఆదోని, సాయంత్రం ఎమ్మిగనూరు. ఆటో మీద రెండు హారన్లు, లోపల నేను.

"ఆదోని అంటేనే ఆదా! ఆదా చేసుకోనోడు ఆదోనోడే కాదు! పంచె కొంటే తువ్వాలు పంచేస్తాం! పట్టు పట్టండి, పట్టుబట్టి పట్టండి!"

జనం నవ్వేవారు. తిట్టేవారు. మొత్తానికి వినేవారు.

ఒక్క పని మాత్రం నవ్వకుండా చేసేవాణ్ణి. చావు చాటడం. మా నాయన తప్పెట కొట్టి చాటేవాడు, నేను మైకులో చాటుతాను. సంతకూ సంతాపానికీ ఒకే గొంతు, కానీ పద్ధతి వేరు. ముఖం చూడనిదే తప్పెట ముట్టొద్దు అనేది మా నాయన పెట్టిన కట్టు. ఎవరు వచ్చి చెప్పినా సరే, నేను ఆ ఇంటికి పోవాలి. కప్పిన గుడ్డ తీయాలి. ముఖం చూడాలి. ఆ తరువాతే బయటికి వచ్చి మైకు పడతాను. తండ్రి పేరు, పేట పేరు, మట్టి చేసే పొద్దు. ఒక్క మాట ఎక్కువుండదు, ఒక్క చమత్కారం ఉండదు. దీనికి నేను కూలి తీసుకోను.

అందుకే మా పేటలో ఒక వింత ఉండేది. ఇశ్రాయేలు నోటితో నిజం చెప్తే నవ్వుతారు. అదే ఇశ్రాయేలు మైకులో చావు చెప్తే, డాక్టరు చెప్పినా కదలనివాడు కూడా గడ్డపార ఎత్తుతాడు. మైకు వచ్చినాకనే గుంత.

శివశంకర్‌తో ఆ ఒక్క షరతే పెట్టాను. "చీరలు, చెప్పులు, టీవీలు ఏమన్నా సెప్పుకో. సావు మాత్రం నా గొంతుతో మీరు సెప్పొద్దు. మీ మిషన్‌కు ముఖం సూసే కండ్లు లేవు."

"సరేన్నా. సావులు తప్ప," అన్నాడు. రాయించుకోలేదు. మాట మనిషిని నేను, మాట చాలనుకున్నాను.

*

గొంతు ఎక్కించడానికి అతని గదిలో కూర్చోబెట్టి కాగితాలు చదివించారు. గోడలకు గుడ్డలు, కిటికీకి పరుపు. నా మాట నాకే తిరిగి రాని గది అది ఒక్కటే. ఏడువు అంటే ఏడ్చాను, అరువు అంటే అరిచాను, నవ్వు అంటే నవ్వాను. "సాలన్నా, నీ అంతా వచ్చేసింది," అన్నాడు. బయటికి వచ్చి దగ్గి చూసుకున్నాను. నాకు కూడా రొంత మిగిల్చినాడు.

వారం తిరిగేసరికి నేను లేకుండా నేను మా వీధిలోకి వచ్చాను. అరుగు మీద కూర్చొని సంతోషమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను పక్కనే బీడీ ముట్టించుకుంటున్నాను. ఆటో మలుపు తిరిగింది.

"అత్తకు చీర కొనండి, అత్తరు ఉచితం! అత్తరు చల్లితే అత్త అరవదు!"

సంతోషమ్మ నవ్వింది. చేట పక్కన పెట్టి మరీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నా మాటలకు ఆమె అట్లా నవ్వి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. అసలు నవ్విందో లేదో కూడా గుర్తు లేదు.

"ఎప్పుడు రాసినావు ఇది?" అంది.

"నేను రాయల్యా. అదే రాసుకుంది."

"అనుకున్నా," అంది. మళ్ళీ రాళ్ళు ఏరుకుంది.

మద్దిలేటి ఆ ముక్కను మిల్లు దాకా మోసుకుపోయాడు. ఎదురుపడినప్పుడల్లా, "బావా, నువ్వా మిషనా? జోకు బాగుంటే మిషనూ, బాగలేకపోతే నువ్వూ" అనేవాడు. నేను వాణ్ణి తిట్టేవాణ్ణి. తిట్లలో మాత్రం మిషను ఇంకా నా దగ్గరికి రాలేదు.

ఆ దీపావళికి శివశంకర్ ఇంకో పని చేశాడు. పత్తి యార్డులో ఒక పాత పెద్దమనిషి, పోయి ఏడాది దాటింది. ఆయన కొడుకులు పెట్టిన సభలో పెద్ద తెర కట్టించి, ఆ పోయినాయన చేత మాట్లాడించాడు. తెర మీద ఆయన కళ్ళు ఆర్పాడు, మీసం దువ్వాడు, "అందరూ బాగుండారా అప్పా?" అని అడిగాడు. రైతులు లేచి నిలబడి దండాలు పెట్టారు. మద్దిలేటి చిన్నాయన కొడుకులు ఉరుకుందు, మారుతి వెక్కి వెక్కి ఏడ్చారు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఒకటే మాట. ఇంగ ఎవురూ సావరు బావా, అందరూ తెర మీదనే ఉంటారు, అని.

*

మద్దిలేటికి మిల్లులో దెబ్బ తగిలింది పత్తి బాగా పడుతున్న రోజుల్లో. మునుపు మనుషులు గంపలతో మోసే పత్తిని ఇప్పుడు బెల్టు మోస్తుంది. గంపకు మనిషి అడ్డమొస్తే తప్పుకుంటుంది, బెల్టు తప్పుకోదు. భుజం మీది తువ్వాలు చిక్కింది, తువ్వాలు వెంట చెయ్యి పోయింది. నేను మిల్లుకు చేరేసరికి వాణ్ణి అంబులెన్సులో ఎక్కించి కర్నూలు పంపేశారు. గౌరి కట్టుబట్టలతో ఎక్కిపోయింది. ఫోను ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టి ఉంది.

కర్నూలు చేరినాక అంబులెన్సు డ్రైవరు మిల్లువాళ్ళ దగ్గర నా నంబరు తీసుకొని ఫోన్ చేశాడు. "అన్నా, ఆసుపత్రిలో దింపినా. మనిషికి తెలివి ఉంది. రగతం శానా పోయింది. ఓ నెగటివ్ అంట, వాళ్ళ కాడ ఉండేది ఎక్కిస్తాండారు, అది సాలదంట. అదే రగతం ఉండేవాళ్ళను బిరీన పిలుచుకొని రాండి."

ఆ రక్తం ఎవరికుందో మాకు తెలుసు. ఒకసారి మిల్లులో రక్తం శిబిరం పెట్టినప్పుడు అందరూ నవ్వుకున్నారు, ఈ వంశానికి రక్తం కూడా ఎదురు తిరిగేదే అని. సంతోషమ్మకు ఉంది. ఉరుకుందుకు, మారుతికి ఉంది. ముగ్గురినీ బాడుగ తుఫాను జీపులో ఎక్కించుకొని బయలుదేరాను. వాళ్ళు ముగ్గురూ కర్నూలు చేరితే మద్దిలేటి బతుకుతాడు. లెక్క అంతే. బండిలో మేము పోవడం లేదు, వాని రక్తం పోతోంది.

సంతోషమ్మ కొంగు ముడి వేస్తోంది, విప్పుతోంది. ఆమె భయం చూడలేక నేను మాట్లాడడం మొదలుపెట్టాను.

"నాది బి పాజిటివ్. పాజిటివ్‌గా బతకడానికి తప్ప దేనికీ పనికి రాదు. మీది ఓ నెగటివ్. అడగ్గానే 'ఓ' అంటాది, ఇచ్చేటప్పుడు నెగటివ్. ఈ పొద్దన్నా సరిగ్గా ఇయ్యండి."

ఉరుకుందు నవ్వాడు. సంతోషమ్మ కూడా ఏడుస్తూనే రవ్వంత నవ్వింది. "తమ్మునికి సెప్పాల ఇది," అంది.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర బండి నెమ్మదించింది. ముందు ట్రాక్టర్లు. పక్కన పండ్ల బండ్ల మధ్య ఒక ఆటో నిలబడి ఉంది, దాని మీద రెండు హారన్లు. అప్పటిదాకా వస్తున్న సినిమా పాట ఆగింది.

"అందరికీ మనవి. ఆదోని వాస్తవ్యుడు, పత్తి మిల్లు కార్మికుడు, తిమ్మప్ప కొడుకు మద్దిలేటి, ఈ దినం పనిలో ప్రమాదం జరిగి చనిపోయినాడు. సాయంత్రం మట్టి. బంధుమిత్రులు ఆదోనికి రావాల్సిందిగా కోరుతున్నాం."

నా గొంతు. చావు చెప్పేటప్పుడు తండ్రి పేరు తరువాత నేను ఒక్క ఊపిరి ఆగుతాను. అక్కడ అది కూడా ఆగింది. దానికి ఊపిరి లేదు. ఆగడం మాత్రం నేర్చుకుంది.

సంతోషమ్మ అరిచిన అరుపుకు పండ్ల బండివాడు తక్కెడ వదిలేశాడు.

"అది నేను కాదు!" అన్నాను. "ఇశ్రాయేలు మీ ముందరే ఉండాడు కదా! నా నోరు ఈడ ఉంది సూడండి!"

"ఆ గొంతు నీది కాదా?" అన్నాడు ఉరుకుందు.

"గొంతు నాదే. నేను కాదు."

"అట్లయితే ముఖం సూసినావు. సూడకుండా నువ్వు సెప్పవు. పొద్దున్నే మిల్లులో సూసి, రికార్డు చేసి పెట్టి, మమ్మల్ని ఊరికే తిప్పుతాండావు."

"ఒరే, మిల్లులో నాకు వాడు కనపడనే ల్యా! డ్రైవర్ చెప్పినాడు, తెలివిలో ఉండాడని!"

మారుతి నా ఫోన్ లాక్కొని డ్రైవరుకు చేశాడు. అందరికీ వినబడేటట్టు పెట్టాడు. "నేను దింపేసి వేరే కేసుకు వచ్చేసినానన్నా," అన్నాడు డ్రైవరు. "ఆపైన ఏమయిందో నాకేం తెలుసు?"

అంతే చాలింది. ఆపైన ఏమయిందో హారన్ చెప్పింది కదా.

సంతోషమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది. "తెలిసే నవ్విస్తాంటివి," అంది. "నా తమ్ముడు పోయినాడని తెలిసి, నన్ను నవ్విస్తాంటివి."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నేను కూడా అరిచి ఏదో ఒకటి చేసేవాణ్ణి.

మా ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. తోబుట్టువు పోతే, శవం గడప దగ్గరికి వచ్చేసరికి అక్కచెల్లెలు కొత్త కోరాగుడ్డ, బియ్యం పట్టుకొని ఎదురుగా నిలబడాలి. లేకపోతే పోయినవానికి పుట్టినింటి దారి మూసుకుపోతుందంటారు. "బండి తిప్పండి," అంది సంతోషమ్మ. "వాడొచ్చేలోపు నేను ఇంట్లో ఉండల్ల." ఉరుకుందు మా బండి డ్రైవరు భుజం తట్టాడు. పేరులోనే ఉరుకు ఉన్నవాడు. ఉరికాడు, వెనక్కి.

నన్ను బస్టాండు దగ్గర దింపేశారు. దింపారో, నెట్టారో. దుమ్ములో నిలబడి చూస్తుంటే మద్దిలేటి రక్తం ఆదోని దారి పట్టింది. నా వెనక నేను మళ్ళీ మొదలుపెట్టాను, "అందరికీ మనవి…"

*

బస్సు పట్టుకొని కర్నూలు చేరాను. మద్దిలేటి బతికే ఉన్నాడు. కుడి భుజం నుంచి కట్టు, ముఖం ఏరి పెట్టిన దూదిలా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అక్కోళ్ళు యాడన్నా?" అంది గౌరి. ఆమె పొద్దుటి నుంచి ఒక్క నంబరు కూడా గుర్తు రాక ఆసుపత్రి అంతా తిరిగిందట. నంబర్లన్నీ ఇంట్లో ఛార్జింగ్ అవుతున్నాయి.

"వస్తాండారు," అన్నాను.

బయటికి వచ్చి సంతోషమ్మకు చేశాను. ఎత్తి, నా గొంతు విని, పెట్టేసింది. పేట పెద్ద పెద్దయ్యకు చేశాను.

"పెద్దయ్యా, నేను ఇశ్రాయేలును. మద్దిలేటి బతికే ఉండాడు. ఆ ముగ్గురినీ పంపీ."

"ఎవురు మాట్లాడేది?"

"నేనే. ఇశ్రాయేలు."

"ఇశ్రాయేలా, ఇశ్రాయేలు మిషనా?"

"నేను, మనిషిని!"

"మొన్న పోలీసోళ్ళు వచ్చి మీటింగు పెట్టి సెప్పినారప్పా. తెలిసినోళ్ళ గొంతుతో ఫోన్ చేసి, ఆసుపత్రి, అర్జెంటు, అది పంపీ ఇది పంపీ అంటే నమ్మొద్దని. సావింట్లో గూడా మోసం చేస్తారా? పురుగులు పడి పోతారు." పెట్టేశాడు.

హారన్‌లోంచి వచ్చిన మిషన్ను నమ్మారు. ఫోన్‌లోంచి వచ్చిన మనిషిని మిషన్ అన్నారు.

ఆఖరికి ఉరుకుందుకు వీడియో ఫోన్ చేసి, తీసుకుపోయి మద్దిలేటి ముఖం ముందు పెట్టాను. తెరలో మా ఇంటి ముందు షామియానా కడుతున్నారు. ఎవరో కుర్చీలు దించుతున్నారు.

"ఒరే ఉరుకుందూ," అన్నాడు మద్దిలేటి. గొంతు పైకి రావడం లేదు. "రారా నాయనా. రగతం ఇయ్యి రా."

ఉరుకుందు ఫోన్ కేసి చూశాడు. ఒక్క క్షణం వాని ముఖం ఎటూ కాకుండా అయింది. తరువాత ఫోన్‌ను దూరంగా పట్టుకున్నాడు.

"ఆపు బావా! యార్డు పెద్దాయన్ను గూడా ఇట్లనే మాట్లాడిచ్చిరి. మావోని శవంతో గూడా ఆటలా?" తెర నల్లగా అయిపోయింది.

మద్దిలేటి నా వైపు తిరిగాడు. "నన్ను నమ్మల్యా?"

"సిగ్నల్ ల్యా," అన్నాను.

శివశంకర్‌కు చేసి, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. వాడు భయపడ్డాడు. "ఆర్డర్ మిల్లు సూపర్‌వైజర్ పెట్టినాడన్నా, నేను సూసుకోల్యా. ఇప్పుడే ఆపిస్తా. బతికే ఉండాడని మళ్ళా సెప్పిస్తా." చెప్పించాడు కూడా. నా గొంతుతోనే. "మద్దిలేటి చనిపోలేదు, బతికే ఉన్నాడు" అని ఆటో మా వీధిలోకి రాగానే, షామియానా కింద కూర్చున్న వాళ్ళు లేచి, చావింటి ముందు ఇశ్రాయేలు జోకులు ఏందని హారన్లు పీకి, ఆటోవాణ్ణి కొట్టి పంపారట.

ఆసుపత్రివాళ్ళు దొరికిన చోటల్లా అడుగుతూనే ఉన్నారు. ఊరంతా వెతికితే ఒక్క సీసా దొరికింది, అది ఎక్కింది, అయిపోయింది. నేను చెయ్యి చాపుకొని నిలబడ్డాను. "మీది పనికి రాదు," అంది నర్సు. ఆ జోకు నేను బండిలో ఎప్పుడో వేసేశాను.

పొద్దు వాలినా శవం రాకపోయేసరికి, తెచ్చుకుందామని మావాళ్ళే వచ్చారు. ముందు ఉరుకుందు, మారుతి. వెనక సంతోషమ్మ. మడత విప్పని కోరాగుడ్డ, బియ్యం మూట ఆమె చేతుల్లోనే ఉన్నాయి. శవాల గది ఎటు అని అడగడానికి వస్తూ, వార్డులో గౌరిని చూసి లోపలికి వచ్చారు.

మద్దిలేటి కళ్ళు తెరిచాడు. అక్కను చూశాడు. చేతిలోని గుడ్డను చూశాడు.

"ఎవురు సచ్చినారక్కా?" అన్నాడు.

సంతోషమ్మ గుడ్డను వీపు వెనక్కి దాచుకుంది. అది చాలా పెద్ద గుడ్డ. రెండు వైపులా కనబడుతూనే ఉంది. బియ్యం మూట జారి మంచం కింద పారింది. ఉరుకుందు చొక్కా చెయ్యి పైకి లాక్కొని, "తీసుకోండి, తీసుకోండి" అంటూ నర్సు వెంట పరుగెత్తాడు. నర్సు డాక్టరును పిలుచుకొచ్చింది. డాక్టరు వాని చేతిని చూడలేదు, మంచం మీది వాణ్ణే చూశాడు.

ఆ తరువాత ఎక్కువసేపు పట్టలేదు. నేను ముఖం చూశాను. ఈసారి చాటడానికి ఏమీ మిగల్లేదు.

*

మరుసటి రోజు మట్టి. గుంత ముందు రోజే తవ్వి పెట్టారు. నీడ పట్టి, అంచులు ఆరి, ఎదురు చూసి చూసి అలిసిపోయిన గుంత. గొంతు అనే మాటలో చివరి అక్షరం కొమ్ము తీసి మొదటి అక్షరానికి ఒత్వం బదులు తగిలించి చూడండి, గుంత అవుతుంది. నా బతుకులో నేను ఆడిన మాటల ఆటల్లో ఇదొక్కటే ఎవరికీ వినిపించలేదు.

పూడ్చి వచ్చాక షామియానా కింద అందరూ కూర్చున్నారు. శివశంకర్‌ను పెద్దయ్య పిలిపించాడు. వాడు తల వంచుకొని, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు. మిల్లులో రక్తం మడుగు చూసి సూపర్‌వైజర్ బతకడని తీర్మానించుకున్నాడు. మిల్లు తరఫున మర్యాదగా ఉంటుందని ఫోన్‌లో శివశంకర్ యాప్‌కు చావు చాటింపు ఆర్డర్ పెట్టాడు. ఊరు ఆదోని, చుట్టాలు ఎమ్మిగనూరు వైపు అని నొక్కాడు. మిషను ఎవరినీ అడగలేదు. రెండు ఊళ్ళ ఆటోలకూ నా గొంతు పంపింది. చావులు వద్దన్న షరతు శివశంకర్‌కు గుర్తుంది గానీ, మిషన్‌కు చెప్పడం మరిచిపోయాడు.

"అంటే," అన్నాడు పెద్దయ్య, గడ్డం గోక్కుంటూ, "మిషను సెప్పినప్పుడు వాడు బతికే ఉండె."

"ఉండె పెద్దయ్యా."

"రాత్రికి సచ్చె."

"అవును."

"అట్లయితే దాని తప్పేముంది? రొంత ముందు సెప్పింది, అంతే కదా."

షామియానా కింద ఒక గాలి లాంటిది తిరిగింది. తలలు ఒక్కొక్కటే ఊగాయి.

"ఇశ్రాయేలు ముఖం సూసినాక సెప్తాండె," అన్నాడు ఎవరో. "ఇది సూడకుండానే సెప్తాంది."

"వాడు మనిషి. వానికి ముందు ఎట్ల తెలుస్తాది?"

వెనక నుంచి ఒక ముసలామె చేతికర్ర పట్టుకొని లేచి, శివశంకర్ దగ్గరికి వచ్చింది. "నాయనా, మా ఆయప్ప సంక్రాంతి నుంచి మంచం మీదనే ఉండాడు. ఎప్పుడో రొంత అడిగి సెప్పు. కోడలు పుట్టినింటికి పోతానంటాంది, పోవచ్చునా వద్దా అని."

శివశంకర్ నా కేసి చూశాడు. ఇంకొకతను తన మేనమామ సంగతి ఎత్తాడు. మద్దిలేటిని పూడ్చి ఒక్క పూట కాలేదు. వాళ్ళు వరస కడుతున్నారు.

నేను లేచాను. హారన్లు లేకుండా ఆ షామియానా చివరిదాకా వినబడేటట్టు అరవగలను నేను, అరిచాను.

"దానికి ఏం తెలుసురా? అది సెప్పబట్టే సచ్చినాడు! వానికి కావాల్సిన రగతం బండిలో కర్నూలు పోతాండె. ముగ్గురు మనుషుల ఒంట్లో పోతాండె! ఎమ్మిగనూరులో అది సెప్పింది, వీళ్ళు నమ్మినారు, బండి తిప్పినారు. తిప్పకపోయింటే ఈ పొద్దు వాడు ఈ గోడ మీద కూర్చొని నన్ను ఎగతాళి చేస్తాండె! మిషను ముందు సెప్పిందీ ల్యా, ఏమీ ల్యా. వెనక్కి తిరగబట్టే సచ్చినాడు!"

ఎవరూ నవ్వలేదు. నేను నోటితో చెప్పిన మాటను మా పేట మొదటిసారి నమ్మింది. ముసలామె కర్ర ఆనించుకొని అట్లాగే నిలబడిపోయింది. ఉరుకుందు లేచి గోడ చాటుకు పోయాడు. మారుతి నేల మీది మట్టి బెడ్డను వేలితో నలుపుతూ కూర్చున్నాడు.

ముందే వచ్చి రక్తం ఇచ్చి ఉంటే బతికేవాడని ఆసుపత్రిలో సంతోషమ్మకు ఎవరూ చెప్పలేదు. చెయ్యి పోతే మనిషి పోతాడు కదా అనుకొని ఇంటికి వచ్చింది. నేను కూడా రాత్రంతా ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు అందరికీ అర్థమయింది.

ఆమె కొంగు జరిపి, తన మోచేతి మడత కేసి చూసుకుంటోంది.